పదిహేడు వారాల హాజరు

కమిటీ సమావేశం సాయంత్రం నాలుగింటికి. రాయి చెక్కే మనిషి పని మొదలుపెట్టేది మర్నాడు ఉదయం ఎనిమిదింటికి. యుద్ధంలో చనిపోయిన ఇరవై రెండు మంది ఊరివాళ్ళ పేర్లకు అతను ఇప్పటికే రాయి మీద సుద్దతో గీతలు గీసి ఉంచాడు. ఇరవై మూడో పేరు అందులో చేరాలంటే డిటెక్టివ్‌కు మిగిలింది ఆరు గంటల నలభై నిమిషాలు.

ఆ పేరు కోసం ఆమెను పిలిపించుకున్నది చనిపోయిన సైనికుడి అక్క. వయసు అరవై తొమ్మిది. ఇంట్లోనే బట్టలు కుడుతుంది. డిటెక్టివ్ వెళ్ళేసరికి మిషను మీద ఉంది. కాలు ఆపకుండానే మాట్లాడింది.

"చదివావా ఆ పుస్తకం?"

"చదివాను పెద్దమ్మా. మీ తమ్ముడి గురించి ఒక్క వాక్యం ఉంది."

"ఒక్కటి చాలదూ?"

యుద్ధానికి వెళ్ళిన ఊరివాళ్ళ మీద రాసిన ఆ పుస్తకం పోయిన నెలే అచ్చయింది. రాసినాయన సీసాల ఫ్యాక్టరీలో టైమ్‌కీపర్‌గా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు స్మారక కమిటీకి కార్యదర్శి. ఊళ్ళో ఆయన్ని నిమిషాలాయన అంటారు. ఆయన రాసిన వాక్యం ఇది: "పదకొండో తేదీన వంతెన దగ్గర జరిగిన పోరులో కనిపించకుండా పోయాడు, పద్నాలుగో తేదీన ఊళ్ళో ఫ్యాక్టరీ పనికి వచ్చినట్టు పంచ్ కార్డు ఉన్నందున పారిపోయినట్టు సైన్యం నమోదు చేసుకుంది."

"పారిపోయాడని నలభై ఒక్క ఏళ్ళ కిందటే ఉత్తరం రాశారు," అంది అక్క. "ఎందుకలా అనుకున్నారో అందులో రాయలేదు. కార్డు సంగతి ఈ పుస్తకంలో చూసేదాకా నాకూ తెలీదు. పద్నాలుగున వాడు ఊళ్ళో ఉంటే నాకు కనబడడా? ఫ్యాక్టరీకీ ఈ ఇంటికీ మధ్య మూడు సందులు. ఆకలేస్తే వాడికి ఈ గుమ్మం తప్ప ఇంకోటి తెలీదు."

"పనికి వేళకు వెళ్ళేవాడా?"

అక్క నవ్వింది. మిషను ఆగింది.

"వాడా? పుట్టడమే పది రోజులు ఆలస్యంగా పుట్టాడు. ఫ్యాక్టరీలో నిదానం అని పేరు పెట్టారు. అసలు పేరు పెట్టి పిలిస్తే పక్కవాడు పలికేవాడట." దారం తెంపింది. "నాకు వాడి మీద కథలేం వద్దమ్మాయ్. పతకాలొద్దు. మిగతావాళ్ళ కింద వాడి పేరు. అంతే. ఇవాళ తప్పితే మళ్ళీ రాయి వేయరు గదా?"

"వేయరు."

"అయితే నాతో కబుర్లేంటి? వెళ్ళు."

డిటెక్టివ్ వెళ్ళింది. ఇరవై రెండేళ్ళు బీమా కంపెనీలో క్లెయిములు విచారించిన మనిషి. తనను పొమ్మన్నవాళ్ళ మీద ఆమెకు మొదట్నించీ నమ్మకం ఎక్కువ.

పది గంటల ఐదు నిమిషాలకు సీసాల ఫ్యాక్టరీ పాత టైమ్ ఆఫీసు తాళం తీశారు. పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పు ఆరు. బయటికి ఒక కిటికీ, లోపలికి ఒక కిటికీ. గోడకు రెండు పంచింగ్ మిషన్లు: పెద్దది ఫ్యాక్టరీ మొత్తానికి, చిన్నది బట్టీ సెక్షన్‌లోని పన్నెండు మందికి. వెనక రాక్ నిండా కట్టలు. పాత పెన్షన్ తగాదాలు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి ఏ కాగితాన్నీ పారేయలేదని తాళం తెచ్చిన గుమస్తా చెప్పాడు. వారానికి ఒక కట్ట, ప్రతి కట్ట మీద తేదీ, అన్నీ ఒకే చేతిరాత.

గంటన్నరలో ఆమె పన్నెండో నంబరు కార్డులు తీసి బల్ల మీద వరసగా పేర్చింది. పన్నెండో నంబరు నిదానం. అతను ఊరు విడిచి సైన్యంలో చేరిన వారం నుంచి మొదలుపెడితే పదిహేడు కార్డులున్నాయి. అంతకుముందు కార్డులు కూడా పది తీసి పైన పెట్టింది. తర్వాత తలుపు దగ్గరికి వెళ్ళి బట్టీ మేస్త్రిని పిలిచింది.

బట్టీ మేస్త్రికి డెబ్బై ఒక్క ఏళ్ళు. రిటైరై పదకొండేళ్ళయింది. అయినా రోజూ పదింటికి వచ్చి బట్టీ చూసి పోతాడు. ఈ కాలం వాళ్ళకు మంట పెట్టడం రాదని ఆయన నమ్మకం. నిదానంతో కలిసి పనిచేసిన పదకొండు మందిలో ఆయనది ఏడో నంబరు.

"నాకేం గుర్తుంటాయి తల్లీ," అన్నాడు కూర్చోకముందే. "నిన్న తిన్నదే గుర్తుండదు."

"మీరేం గుర్తు తెచ్చుకోవక్కర్లేదు మేస్త్రి గారూ. నేను చెప్తాను, మీరు వినండి. పొద్దున లోపలికొచ్చేటప్పుడు ఈ మిషను ఆరింటిలోపు నల్లగా ముద్ర వేస్తుంది. ఆరు దాటితే ఎర్రగా. అవునా?"

"అవును."

"ఈ పదీ యుద్ధానికి ముందువి. చూడండి."

మేస్త్రి చూశాడు. ఆరూ నాలుగు, ఆరూ పదకొండు, ఆరూ తొమ్మిది. అరవై ముద్రల్లో యాభై మూడు ఎరుపు.

"ఇవి అతను ఊరు విడిచాక పడ్డవి. పదిహేడు వారాలు. ఒక్క ఎరుపు లేదు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళు ఒక్క వారం వేళకు రాని మనిషి, ఊళ్ళో లేనప్పుడు ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "సైన్యంలో క్రమశిక్షణ నేర్పుతారంటారుగా."

"ఉత్తరం ద్వారా నేర్పరు." ఆమె ఇంకో కట్ట విప్పింది. "పద్నాలుగో తేదీ, సోమవారం. పన్నెండో నంబరు లోపలికి ఐదూ యాభై రెండు, బయటికి రెండూ మూడు. ఏడో నంబరు కూడా లోపలికి ఐదూ యాభై రెండు, బయటికి రెండూ మూడు. మంగళవారం పన్నెండో నంబరు నిమిషాలు ఎనిమిదో నంబరుతో కలిశాయి. బుధవారం తొమ్మిదితో. పదకొండు దాకా వెళ్ళి మళ్ళీ ఒకటి దగ్గరికొచ్చాయి. పదిహేడు వారాలూ వరస తప్పలేదు. పద్నాలుగో తేదీ మీ వంతు."

ఆమె పుస్తకం తీసింది.

"ఇది చదివారా?"

"నా చదువు సంతకం వరకే."

ఆమె వాక్యం చదివి వినిపించింది. ఒకసారి చదివాక, ఇంకోసారి చదవమన్నాడు. రెండోసారి అయ్యాక కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూర్చున్నాడు.

"పంచ్ కార్డు అంటే... మా కార్డా?"

"మీ కార్డే. మీరు కొట్టిన ముద్రే."

"వాడి కొలువు పోకూడదని కొట్టాం తల్లీ. ముప్పై రోజులు వరసగా ముద్ర లేకపోతే పేరు తీసేసేవాళ్ళు. యుద్ధానికి వెళ్ళినా అంతే, అప్పటికి ఇంకా మినహాయింపు రాలేదు. కూలి మాకు సీసాల లెక్క మీద, కార్డు మీద కాదు. వాడు సీసా చేయలేదు, వాడి పేరున కూలీ రాలేదు. ఉత్త హాజరు. తిరిగొచ్చేసరికి పని ఉండాలి గదా అని."

"మొదట ఎవరు కొట్టారు?"

"అదే ఎవరికీ తెలీదు. మంగళవారం పొద్దున వచ్చి చూస్తే సోమవారం ముద్ర పడి ఉంది. మాలోనే ఎవడో కొట్టాడు అనుకున్నాం. అడిగితే ఎవడూ నేనంటే నేననలేదు. సరే, మంచి పనే గదా, ఒక్కడి మీద ఎందుకు వేయాలని వంతులు వేసుకున్నాం."

"ఎప్పుడు ఆపారు?"

"మేం ఆపలేదు. పదిహేడో వారం బుధవారం పొద్దున పదో నంబరువాడు కొట్టాడు. రెండింటికి బయటికి కొడదామని చూస్తే కార్డు లేదు. దొరికిపోయాం అనుకున్నాం. మర్నాడూ ఎవరూ ఏమీ అడగలేదు. నోళ్ళు కుట్టేసుకున్నాం. పారిపోయాడని కబురొచ్చినప్పుడు కూడా, వాళ్ళ అక్కకు ‘ఇక్కడికి రాలేదమ్మా’ అని చెప్పాం. అంతవరకే మాకు తెలుసు." అతను కార్డు వైపు చూశాడు, ముట్టుకోలేదు. "మేమే రాశామా తల్లీ వాడి నొసట?"

సరిగ్గా పన్నెండు గంటలకు తలుపు తట్టిన చప్పుడైంది. సరిగ్గా అంటే సరిగ్గానే. డిటెక్టివ్ ఆయనకు చెప్పింది పన్నెండని.

నిమిషాలాయన లోపలికొచ్చి, బల్ల మీద కార్డులను చూసి, మొదట వాటి అంచులు సమంగా సర్దాడు. వయసు అరవై ఏడు. చేతిలో కమిటీ ఫైలు.

"నాలుగింటికి పెట్టుకున్నాం సమావేశం. పిలిచింది నన్ను మళ్ళీ ఇదే అడగడానికైతే జవాబు అదే. సైన్యం రికార్డు గానీ సాక్షి గానీ లేకుండా పేరు ఎక్కదు. ఇది నా ఇంటి గోడ కాదు, ఇష్టమొచ్చిన పేరు రాసుకోడానికి."

"పుస్తకంలో ఒక్క కార్డు గురించే రాశారు."

"సైన్యం నుంచి వచ్చిన విచారణాధికారి ఒక్క వారానిదే అడిగాడు. ఆ వారానిది చూపించాను. మిషను అబద్ధం చెప్పదమ్మా. మనుషులు చెప్తారు."

"మిషను నిజమే చెప్పింది. ఎవరో కార్డు పెట్టారు, అది ముద్ర వేసింది." ఆమె తన సంచీలోంచి ఒక నకలు తీసింది. "సైన్యం వాళ్ళ హాజరు పట్టీ. మూడు రోజుల కిందట నా చేతికొచ్చింది. ఆరో వారం నుంచి పదో తేదీ దాకా రోజూ ఉదయం పిలుపుకు మీ పన్నెండో నంబరు అక్కడ ఉన్నాడు. అవే రోజుల్లో ఇక్కడ బట్టీ దగ్గరా ఉన్నాడు. రెండింటి మీదా అధికారి సంతకం ఉంది. ఒకే మనిషి, ఒకే పొద్దు, మధ్యలో రెండు రోజుల రైలు ప్రయాణం. వీటిలో ఒకటి తప్పు. ఏదో చెప్పండి."

నిమిషాలాయన నకలు చదివాడు. తొందరపడలేదు.

"ముప్పై రెండేళ్ళు ఈ కుర్చీలో కూర్చున్నాను. ఒక్క తప్పుడు ముద్ర..."

"ఊరుకోండి టైమ్‌కీపర్ గారూ," అన్నాడు మేస్త్రి. "కొట్టింది మేము. పదకొండు మందిమీ. ఇప్పుడు తీసేస్తారా నన్ను కొలువులోంచి? తీసేయండి, చూద్దాం."

"నువ్వు మాట్లాడకు మేస్త్రీ."

"నలభై ఒక్క ఏళ్ళు మాట్లాడలేదుగా. ఏం ఒరిగింది?"

డిటెక్టివ్ చివరి కార్డు ముందుకు జరిపింది. "ముప్పయ్యో తేదీ, బుధవారం. లోపలికి ఐదూ యాభై నాలుగు. బయటికి ఖాళీ. బయటి ముద్ర లేకపోతే టైమ్‌కీపర్ కారణం కనుక్కుని చేత్తో రాసి సంతకం పెట్టాలి. ఈ రాక్‌లో మీ కార్డులు మూడు వందలు తిప్పాను. ఖాళీ వదిలిన గడి ఇంకొక్కటి లేదు. ఇక్కడ మాత్రం గడి ఖాళీ, కింద మీ సంతకం. రాక్‌లోంచి కార్డు తీసే అధికారం కూడా మీకొక్కరికే. ఆ రోజు ఉదయం ఆరింటికీ మధ్యాహ్నం రెండింటికీ మధ్య ఇతను ఇక రాడని మీకు తెలిసింది. ఎలా తెలిసింది?"

పక్క షెడ్డులో సీసాలు పట్టాల మీద కదులుతున్న చప్పుడు వినిపించింది. నిమిషాలాయన ఫైలు బల్ల మీద పెట్టాడు.

"ఒకతను ఈ కిటికీ దగ్గరికొచ్చాడు. ఎడం చెయ్యి కట్టు కట్టుంది. ఆస్పత్రి నుంచి సరాసరి వచ్చానన్నాడు. నిదానం చనిపోయినప్పుడు పక్కనే ఉన్నాడట."

మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"చనిపోయాడని మీకు తెలుసా? తెలిసి అట్లా రాశారా?"

"కూర్చో. చెప్పనీ." ఆయన గొంతు పెరగలేదు. "శవం దొరకలేదు కాబట్టి కనిపించడం లేదని సైన్యం రాసుకుంది. ఈ చెయ్యి విరిగినతన్ని ఆస్పత్రిలో ఎవరూ అడగలేదు. రెండు నెలలకు విచారణాధికారి వచ్చాడు. పద్నాలుగో తేదీన పనికొచ్చాడా అన్నాడు. మేనేజరు పక్కనే ఉన్నాడు. అంతకు నాలుగు రోజుల ముందే ప్యాకింగులో ఒకరి కార్డు ఇంకొకరు కొట్టారని ఇద్దర్ని బయటికి పంపారు. వాడు రాలేదని నేనంటే, మరి ముద్ర ఎవడు వేశాడంటారు. పదకొండు కొలువులు. నీకప్పటికి ముగ్గురు పిల్లలు."

"నలుగురు," అన్నాడు మేస్త్రి.

"నలుగురు. చనిపోయినవాడికి కొలువు అక్కర్లేదు అనుకున్నాను. పేరు కావాలని నాకు తట్టలేదు. కార్డు చూపించాను. ఒకసారి చూపించాక, ఇక దాన్నే నిజం అనుకుంటూ వచ్చాను. పుస్తకంలోనూ అదే రాశాను. కార్డులో ఏముందో అదే రాశాను, ఒక్క అక్షరం కల్పించలేదు."

"కల్పించలేదు. నిజమే," అంది డిటెక్టివ్. "కానీ మీరు కాపాడింది పదకొండు మందినే కాదు."

ఆమె మొదటి కార్డు తీసి ఆయన ముందు పెట్టింది. ఇంతవరకు దాన్ని పుస్తకం కింద ఉంచింది.

"మొదటి సోమవారం. లోపలికి ఐదూ ముప్పై ఒకటి. బయటికి రెండూ ఇరవై. ఫ్యాక్టరీ గేటు తీసేది ఐదూ నలభై ఐదుకు. ఈ పదకొండు మందిలో ఎవరూ ఐదూ ముప్పై ఒకటికి ఇక్కడ ఉండలేరు. అందరూ రెండూ ఐదు లోపు వెళ్ళిపోయారు. ఐదున్నరకు తాళం తీసేది, చివర్న తాళం వేసేది ఒక్కరే."

మేస్త్రి కార్డు వైపు, ఆ తర్వాత నిమిషాలాయన వైపు చూశాడు.

"మీరా?"

"ఒక్కటే కొట్టాను," అన్నాడు నిమిషాలాయన. "నెలకొకటి చాలు, పేరు పోదు. నాలుగు వారాలకోసారి నేనే కొట్టుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. మర్నాడు చూస్తే మీరు మొదలుపెట్టారు. రోజూ. వంతులేసుకుని. ఒక్కరోజు మానకుండా. మీ తెలివి తెల్లారినట్టే ఉంది. నెలకొకటైతే ఆ పద్నాలుగో తేదీ గడి ఖాళీగా ఉండేది. చూపించడానికే ఏమీ ఉండేది కాదు."

"ఆపమని ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్తే నాకు తెలుసని ఒప్పుకున్నట్టేగా. తెలిస్తే రిపోర్టు రాయాలి."

మేస్త్రి భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని తెలియడానికి డిటెక్టివ్‌కు కొంచెం సేపు పట్టింది.

"ముప్పై రెండేళ్ళు మమ్మల్ని నిమిషం నిమిషం చంపుకుతిన్నారు. దొంగ ముద్రకు కొబ్బరికాయ కొట్టింది మీరా?"

నిమిషాలాయన నవ్వలేదు. కానీ కాదనలేదు కూడా.

డిటెక్టివ్ గడియారం చూసింది. ఒంటిగంటకు పది నిమిషాలు. "ఇది చాలదు," అంది. "ఊళ్ళో లేడని కార్డులు చెప్తాయి. చనిపోయాడని చెప్పవు. కమిటీకి సాక్షి కావాలి, ఆ నిబంధన మీరే రాశారు. ఆ చెయ్యి విరిగినతని పేరు గుర్తుందా?"

"గుర్తుంచుకోవాల్సిన పనేముంది?"

ఆయన లేచి రాక్ చివరకు వెళ్ళాడు. వెతకలేదు. కింది అరలో ఎడమ నుంచి మూడో ఫైలు తీసి, తాడు విప్పి, మధ్యలోంచి ఒక కాగితం లాగాడు. బయటివాళ్ళెవరైనా పనివాళ్ళను కలవాలంటే కిటికీ దగ్గర నింపి ఇవ్వాల్సిన సందర్శకుల చీటీ అది.

"దాచారా దీన్ని?" అని అడిగింది డిటెక్టివ్.

"దాచడమేమిటి? తేదీ ప్రకారం ఫైల్లో పెట్టాను. ఆఫీసు కాగితం ఆఫీసులోనే ఉండాలి. నలభై ఒక్క ఏళ్ళలో ఎవరూ అడగలేదు."

చీటీ సిరాతో రాసి ఉంది. అక్షరాలు వంకర. ముప్పయ్యో తేదీ. వచ్చిన వేళ పదీ నలభై. పేరు ఉంది, దాని పక్కన సైనికుడి నంబరు, సంతకం. ఎవరిని కలవాలి అన్నచోట "పన్నెండో నంబరుతో పనిచేసేవాళ్ళను" అని రాశాడు. ఏం పని అన్నచోట గీత దాటి, అంచు దాటి, వెనక్కి తిప్పి రాశాడు. డిటెక్టివ్ పైకి చదివింది.

"పదకొండో తేదీ తెల్లవారుజామున వంతెన మీద నన్ను వీపున మోసుకొస్తుంటే అతనికి గుండు తగిలింది. నన్ను ఒడ్డుకు నెట్టి నీళ్ళలో పడ్డాడు. మళ్ళీ తేలలేదు. నేను చూశాను. అక్క ఇల్లు ఫ్యాక్టరీ దగ్గరేనని చెప్పేవాడు. ఆ ఇల్లు అడగడానికి వచ్చాను."

వెళ్ళిన వేళ పదీ యాభై ఐదు.

"మీరేం చెప్పారతనికి?" అంది డిటెక్టివ్.

"చెయ్యి బాగాలేదు, మీరు శ్రమపడొద్దు, నేను చెప్తాను అన్నాను." నిమిషాలాయన చీటీని ఆమె చేతిలోంచి తీసుకుని మడతపెట్టకుండా ఫైల్లో ఉంచాడు. "రైలు టైమైందని అతనూ వెళ్ళిపోయాడు. పదకొండునే పోయాడంటే ఆ తర్వాతి ముద్రలు ఎవరివంటారని నేను చెప్పలేదు."

ఫైలు చంకలో పెట్టుకున్నాడు. ఆఫీసు కాగితం ఆఫీసు బయటికి తీసుకెళ్తున్నందుకు గుమస్తా దగ్గరున్న రిజిస్టరులో సంతకం చేశాడు. కమిటీ ఫైలు మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. మేస్త్రి దాన్ని తీసుకుని వెనకే నడిచాడు.

"నాలుగింటికి సమావేశం," అంది డిటెక్టివ్.

"నాలుగింటికి కమిటీకి. ముందు ఆవిడకు."

"ఒక్కరే వెళ్ళకండి," అన్నాడు మేస్త్రి. "ఆవిడ చేతిలో ఎప్పుడూ కత్తెర ఉంటుంది."

మూడు సందులూ దాటడానికి పదకొండు నిమిషాలు పట్టింది. తలుపు తీసే ఉంది. నిమిషాలాయన గుమ్మం ముందు ఆగి, ఫైలు తెరిచి, అక్క తలెత్తకముందే చదవడం మొదలుపెట్టాడు. తేదీ చదివాడు. వచ్చిన వేళ చదివాడు. "వీపున మోసుకొస్తుంటే" అన్న దగ్గర మిషను ఆగింది. ఆయన ఆపలేదు. చివర ‘నేను చెప్తాను’ అని తను అన్న మాట కాగితం మీద లేదు; అది కూడా చెప్పాడు. మొదటి సోమవారం సంగతీ చెప్పాడు.

అక్క కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన్ని చూసింది, ఆయన వెనక మేస్త్రిని చూసింది. తర్వాత కుడుతున్న బట్ట పక్కకు తీసి, ఎదురుగా ఉన్న స్టూలు మీది కత్తిరింపు ముక్కలు చేత్తో నెట్టేసింది.

"ఎండలో నిలబడి చదివేది కాదది," అంది. "లోపలికొచ్చి కూర్చో. కూర్చుని మొదట్నించీ చదువు. నిదానంగా."